పేరీత కింద రేకుపలక

1984 ఆగస్టు 19, ఆదివారం

క్రోటన్లన్నీ పీకేశాను. పదకొండు కుండీలు. గృహప్రవేశానికి వచ్చినవాళ్ళు తలా ఒకటి తెచ్చిచ్చినవే. మా ఆవిడ దేవకి వాకిట్లో నిలబడి అంతా చూసి, "ఎవురన్నా ఇంటికొస్తే సూపించేదానికి ఇంకేముంటాది?" అంది. కొండ ఉంటుంది అన్నాను. ఈ మాట నాకే బాగా నచ్చింది, అందుకే రాసిపెడుతున్నాను.

తిరుపతిలో కొండ కింద ఇల్లు కట్టుకుని, ఎక్కడి నుంచో వచ్చిన రంగురంగుల ఆకులకు నీళ్ళు పోస్తూ కూర్చోవడమేమిటి? బోరు రెండు రోజులకొకసారి దగ్గుతుంది. ఇరవై రెండేళ్ళుగా ఇంటర్ పిల్లలకు బాటనీ చెబుతున్నాను. నా పెరడు నా పాఠంలాగా ఉండాలి. కొండ ఎండను, కొండ రాయిని ఓర్చుకున్న మొక్కలైతే స్నానాల గది నీళ్ళతో బతికేస్తాయి.

జాబితా వేశాను. వీధివైపు తంగేడు. గోడ వెంబడి కలే, ముళ్ళుంటాయి కాబట్టి మేకలు రావు. పడమట కొండగోగు, దాని పసుపు పూలు ఎండాకాలంలో ఆకు లేకుండా పూస్తాయి. బోరు దగ్గర నేరేడు జాతిదైన మొగి. మూలన తెల్లకరక. నడిమధ్యలో పేరీత. చూడ్డానికి పొట్టి ఈతచెట్టులా ఉంటుంది గానీ ఈత కాదు, ఈ కొండల్లో తప్ప భూమ్మీద ఇంకెక్కడా లేదు. అది లేకపోతే ఈ తోటకు అర్థమే లేదు.

ఒక్కో మొక్క కింద ఒక రేకుపలక పెట్టాలి. పేరు, కుటుంబం, ఎలా వచ్చింది.

సెప్టెంబరు 4

గంగులమ్మతో మాట్లాడాను. మంగళ, శుక్రవారాల్లో కొండ నుంచి కట్టెలమోపు తెచ్చి మా వీధిలో అమ్మే మనిషి. యాభై ఉంటాయి. తంగేడు, కలే, మొగి మొలకలన్నీ ఆమె తెచ్చిచ్చినవే. పేరీత కావాలంటే మాత్రం మోపు దించకుండానే నిలబడిపోయింది.

"మొలకలు దొరకవు సార్. పెద్దదాన్నే పెరకల్ల. అయ్యన్నీ బండల మింద ఉండాయి, దించేదానికి కాదు. దారిలో గువ్వల వంకలో ఒకటుండాది, అది వద్దులే."

"ఎందుకు?"

"ఆ వంకకంతా అదొక్కటే మగోడు సార్. మిగిలిన మగ మాన్లన్నీ మొగ్గల కోసమని మందుల కొట్టోళ్ళు కొట్టించుకోని పోయినారు. ఒంటి మగోడుండే కాడ సెయ్యి పెట్టగూడదని మా యమ్మ సెప్పేది."

నవ్వాను. కొండంత కొండలో ఒక్కటి తీస్తే ఏమవుతుంది అన్నాను. ఇక్కడ నీళ్ళు పోసి పెంచుతాను, అక్కడైతే మేకలు మేసేస్తాయి అని కూడా అన్నాను. ఆమె నా పలకల వైపు చూసింది.

"సదువుకున్నోడివి. నీకంటే నాకేం తెలుసులే సార్."

సెప్టెంబరు 9, ఆదివారం

వచ్చింది. గువ్వల వంక పేరీతను గంగులమ్మ గోనెసంచిలో చుట్టి నెత్తిన పెట్టుకుని మోసుకొచ్చింది. అడుగున్నర మాను, పైన కిరీటంలా ఆకులు. వేరు ఒకచోట తెగింది, పసుపు రాసి కట్టింది. గుంతలో దించేటప్పుడు ఆమే మట్టి తోసింది, నన్ను తోయనివ్వలేదు.

ఎంత అందంగా ఉందో. సాయంత్రం మూడుసార్లు వెళ్ళి చూశాను.

సెప్టెంబరు 10

పేరీత పలక రాయలేదు. "కొండ నుంచి" అని రాస్తే ఏదో బాగోలేదు. తర్వాత చూద్దాం.

నవంబరు 18

ఆకులన్నీ పండిపోయి రాలాయి. మోడు మిగిలింది. రెండు వారాలుగా సరిగా తినడం లేదని దేవకి దెప్పుతోంది. మొక్క కోసం ఇంత దిగులు పడే మనిషిని ఆమె చూడలేదట. నేనూ చూడలేదు.

డిసెంబరు 23

చిగురు! నడినెత్తిన వెండిరంగు నూగుతో చుట్టలు చుట్టుకున్న ఆకులు. బతికింది. గంగులమ్మకు చూపిస్తే, "ఇంగ ఈడే ఉంటాడులే" అంది. సంతోషంగా అన్నట్టు అనిపించలేదు. కానీ ఆమె మాటతీరే అంత.

1985 మార్చి 3

ప్రిన్సిపాల్ గారు ఇంటికొచ్చారు. తోటంతా తిరిగి పేరీత దగ్గర ఆగి, "ఇది ఎక్కడ సంపాదించారండీ?" అన్నారు.

విత్తనం నుంచి పెంచాను అన్నాను.

అనుకుని అన్నది కాదు. అడవి నుంచి పెరికించానంటే ఏమనుకుంటారోనని నోరు తానే అనేసింది. అంత మాను విత్తనం నుంచి రావాలంటే నా పెళ్ళికి ముందే నాటి ఉండాలి. అదృష్టవశాత్తూ ప్రిన్సిపాల్ గారిది హిస్టరీ.

పలక రాశాను. పేరీత. విత్తనం నుంచి పెంచినది. అక్షరాలు చక్కగా కుదిరాయి.

జూన్ 16

కడప వెళ్ళి రేడియో ప్రసంగం రికార్డు చేసి వచ్చాను. "ఇంటి తోటలో మన కొండ మొక్కలు." పది నిమిషాలు. మన నేలకు మన మొక్కే అందం అన్నాను. అడవిలో దేన్నీ పెరకవద్దు, విత్తనం తెచ్చి ఓపికగా పెంచండి, మా పెరట్లో పేరీతను నేనలాగే పెంచాను అన్నాను. వాళ్ళు ఆ భాగం చాలా బాగుందన్నారు.

చెప్పిన విషయం మంచిదే కదా. పది మంది విని పాటిస్తే నేను ఎలా పెంచానన్నది ఎవరికి కావాలి.

ఆగస్టు 27

ప్రసంగం వచ్చినప్పటి నుంచీ కాలేజీలో నాకు కొత్త గౌరవం. ప్రిన్సిపాల్ గారు ఈరోజు పిలిచి, కొత్త ల్యాబు ముందర నాటడానికి మీ దగ్గర మొలకల్లోంచి ఒక పేరీత ఇవ్వండి అన్నారు. విత్తనం నుంచి పెంచినవాడి దగ్గర మొలకలుంటాయి మరి.

ఇస్తానన్నాను.

సెప్టెంబరు 6

గంగులమ్మ వద్దంది. మంగళవారం వద్దంది, ఈరోజూ వద్దంది. "ఇప్పుడు గార్డులు ఎక్కువైనారు సార్. కట్టెలకైతే పట్టీలో పేరుండాది, పోనిస్తారు. మాను పెరికితే ఊరికే ఉండరు."

సెప్టెంబరు 10

నా మాట పోతుంది గంగులమ్మా అన్నాను. ఒక్కటే, చిన్నదైనా ఫరవాలేదు అన్నాను. సరేనంది.

సెప్టెంబరు 13, శుక్రవారం

ఈరోజు విశేషాలేమీ లేవు. వాన పడలేదు.

సెప్టెంబరు 14

గంగులమ్మ నిన్న కట్టెలు తేలేదేమని దేవకి అడిగింది. వస్తుందిలే అన్నాను.

సెప్టెంబరు 17

కట్టెలు లేవు.

సెప్టెంబరు 19

విశేషాలేమీ లేవని రాసిన రోజు జరిగింది ఇది. రాసేస్తే నిద్ర పడుతుందేమో.

మూడో పీరియడ్‌లో ఫారెస్టు వాళ్ళ జీపు వచ్చింది. రేంజరు దొరస్వామి గారు పంపారట. కొండలో ఒక మొక్క పట్టుబడింది, అదేమిటో తెలిసినవాళ్ళు కాగితం మీద రాసిస్తే కేసు నిలుస్తుంది, సార్‌ని గౌరవంగా తీసుకురమ్మన్నారట. జీపులో ముందుసీట్లో కూర్చున్నాను. అప్పటికే నాకు తెలుసు. తెలియదని అనుకుంటూ కూర్చున్నాను.

ఆఫీసు వరండాలో పేరీత పడి ఉంది. చిన్నదే, జానెడు మాను. ఆ పక్కన గోడకానుకుని గంగులమ్మ. ఆమె కొడవలి బల్ల మీద ఉంది, దానికో చీటీ కట్టారు.

దొరస్వామి గారు మంచి మనిషి. నాకు కాఫీ తెప్పించారు. గంగులమ్మ వైపు తిరిగి, "సూడు, ఈ సారు విత్తనం పెట్టి పెంచుకోని ఉండాడు. రేడియోలో కూడా సెప్పినాడు. అట్ల పెంచుకోవల్ల గానీ, దొంగతనంగా పెరుక్కోని పోతే ఎట్ల? ఎవురు తెమ్మనిరి నిన్ను?" అన్నారు.

ఆమె నన్ను చూసింది. నేను కాఫీ వైపు చూశాను.

"ఎవురూ తెమ్మనలేదు. నేనే అమ్ముకుందామని."

"సార్‌ని తెలుసునా నీకు?"

"తెలీదు. ఈ సారెవురో."

కాగితం ముందు పెట్టారు. ఇది పేరీత అనే అరుదైన మొక్క అనీ, అడవిలోదే అనీ, వేళ్ళతో పెరికారనీ రాశాను. సంతకం పెట్టాను. రాసినదాంట్లో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

ఆమె పేరు కట్టెల పట్టీలోంచి కొట్టేశారు. ఇంకెప్పుడూ కొండ ఎక్కకూడదు. కొడవలి ఆఫీసులోనే ఉండిపోయింది. అది వాళ్ళమ్మ వాడినదని ఎప్పుడో నాకు చెప్పింది.

రాశాక కూడా నిద్ర పట్టలేదు.

సెప్టెంబరు 22

ఆలోచిస్తే, నేను నోరు విప్పినా ఆమె పెరికిన మాట పెరికిందే. నా ఉద్యోగమూ పోయేది. ఇద్దరం మునగడం కంటే ఒకరు గట్టున ఉంటే ఆమెకు ఎప్పుడైనా సాయం చేయవచ్చు.

అక్టోబరు 6

పై పేరా మళ్ళీ చదివాను. ఏం సాయం చేశాను?

అక్టోబరు 20

గంగులమ్మ రైల్వేస్టేషను దగ్గర ఒక సత్రంలో అంట్లు తోముతోందని దేవకి చెప్పింది. ఇప్పుడు మా వీధికి కట్టెలు తెస్తున్నది తిరుమలమ్మ, గంగులమ్మతో కలిసి కొండెక్కిన మనిషి. దేవకి ఆమె దగ్గర అంతా రాబట్టింది. అన్నం వడ్డించి, నేను తింటూ ఉండగా అంది.

"ఆ యమ్మ నీ పేరు సెప్పలేదంట. తిరుమలమ్మ కూడా ఎవురికీ సెప్పదంట. నేనూ సెప్పను."

అంతే. పెరుగు వేసి లేచిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

1986 జనవరి 12, ఆదివారం

పోయిన వారం ఒక ఉపాయం తోచింది. ఇప్పుడు నిజంగానే విత్తనం నుంచి పెంచితే? పది మొలకలు పెంచి, ఒకటి కాలేజీకి, తక్కినవి కొండకే ఇచ్చేస్తే? అప్పుడు రేకు మీది మాట కొంతైనా నిజమవుతుంది. పేరీత గింజలు ఈ నెలలోనే పండి రాలుతాయి. గింజలు ఏరుకుంటే ఎవరూ పట్టుకోరు. గువ్వల వంకలో ఆడచెట్ల కింద దొరికినన్ని తెమ్మని తిరుమలమ్మకు చెప్పాను. ఈరోజు చెంగున కట్టి తెచ్చింది. నలభై మూడు.

బకెట్టు నీళ్ళలో వేశాను. మంచి గింజ మునుగుతుంది, తాలు తేలుతుంది.

నలభై మూడూ తేలాయి.

పొరపాటేమోనని పైతొక్క వలిచి మళ్ళీ వేశాను. తేలాయి. కత్తితో ఒక్కొక్కటే చీల్చాను. పైకి నున్నగా గుండ్రంగా ఉన్నాయి. లోపల ఏమీ లేదు.

జనవరి 13

ఆ వంకకంతా అదొక్కటే మగోడు సార్.

మగ మొక్క వేరు, ఆడ మొక్క వేరు. మగదాని పుప్పొడి చేరకపోతే ఆడదాని గింజ తాలు పోతుంది. ఏటా జులైలో ఈ పాఠం చెబుతాను. బోర్డు మీద రెండు మొక్కలూ గీసి, మధ్యలో బాణం వేస్తాను. పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్న. ఇరవై మూడేళ్ళు చెప్పాను. ఆమె నాకు అదే పాఠం మోపు నెత్తిన పెట్టుకుని చెబితే నవ్వాను.

దాన్ని తెచ్చి పెరటి నడిమధ్యలో పాతి, చుట్టూ ఇటుకలు పేర్చాను. పోయిన వేసవిలో ఆడచెట్లన్నీ ఎదురు చూసి ఉంటాయి. చెట్లు ఎదురు చూడవు, నాకు తెలుసు. అయినా ఈ రాత్రికి అలాగే అనిపిస్తోంది.

ఫిబ్రవరి 9

మొలకలు ఏమయ్యాయని ప్రిన్సిపాల్ గారు అడిగారు. ఎలుకలు తిన్నాయి అన్నాను.

ఏప్రిల్ 6

పేరీత మొగ్గ వేసింది. ఆకుల మధ్య నుంచి నిటారుగా, మొక్కజొన్న పొత్తంత. మగ మొగ్గ. ఇక్కడికి వచ్చాక మొదటిసారి. ఈ వీధిలో దానికి ఎవరున్నారని?

ఏప్రిల్ 13

మూరెడు పెరిగింది. దగ్గరికి వెళితే ఘాటు వాసన. ఇంకో రెండు వారాల్లో పుప్పొడి రాలుతుంది. దాన్ని కోసి కొండ మీదికి మోసుకెళితే, ఆడచెట్ల మీద చల్లితే. పుస్తకంలో ఉన్న పద్ధతే. కానీ ఆ వంకలో ఆడచెట్లు ఎక్కడెక్కడున్నాయో తెలిసిన మనిషి ఒక్కతే.

దొరస్వామి గారి దగ్గరికి వెళ్ళి పరిశోధన కోసమని పర్మిట్ తీసుకున్నాను. నిజం రాసిన కాగితం కూడా జేబులో పెట్టుకుని వెళ్ళాను. అది జేబులోనే తిరిగొచ్చింది.

ఏప్రిల్ 20

సత్రానికి వెళ్ళాను. వెనకవైపు కొళాయి దగ్గర పెద్ద గుండిగలో సగం దూరి తోముతోంది. నన్ను చూసి చేతులు కడుక్కుంది. నేను చెప్పాలనుకున్నవన్నీ పోయి, "గింజలన్నీ తాలు పోయాయి గంగులమ్మా" అన్నాను.

"పోతాయి. నేను సెప్తి కదా సార్."

మగ మొగ్గ వచ్చిందని, కొండకు తీసుకెళదామని చెప్పాను. ఆమె చీర చెంగుతో చేతులు చాలాసేపు తుడుచుకుంది.

"ఎప్పుడు రాలేట్టుండాది?"

"వచ్చే ఆదివారానికి."

"తెల్లార్తో కొయ్యి. ఎండబడితే పొడంతా రాలిపోతాది. దిండు గలీబులో సుట్టి తే, గోనెలో వద్దు."

క్షమించమని అడగలేదు. అడిగితే ఆమె నన్ను ఓదార్చాల్సి వచ్చేది.

ఏప్రిల్ 27, ఆదివారం

దేవకి దిండు గలీబు ఉతికి ఇచ్చింది. మొగ్గ కోసి అందులో చుట్టి చంకన పెట్టుకుని బయలుదేరాను. గంగులమ్మ కాలిదారి మొదట్లో నిలబడి ఉంది.

గార్డు ఆపాడు. పర్మిట్ చదివి, "సార్, దీంట్లో నీ పేరొక్కటే ఉండాది. ఈయమ్మని ఇడిసేదానికి లేదు. పోయినేడు పేరీత పెరికి దొరికిన మనిషి ఈమె" అన్నాడు.

గంగులమ్మ నా వైపు చూడలేదు. వెనక్కి తిరిగి నాలుగడుగులు వేసింది కూడా. వంక ఎటు ఉందో చేత్తో చూపించి, ఈ దోవనే పో సార్, మూడు బండలు దాటినంక ఎడమ పక్క అంది.

నేను ఒక్కడినే వెళ్ళవచ్చు. ఆ ఆలోచన వచ్చిన మాట ఇక్కడ రాస్తున్నాను. రాయకపోతే ఈ డైరీ ఎందుకు?

"పెరికించింది నేను" అన్నాను.

గార్డుకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను. ఆ రోజు దొరికినదీ నేను తెమ్మన్నదే, అంతకు ముందు మా పెరట్లో పెట్టుకున్నదీ నేను తెమ్మన్నదే, విత్తనం మాట అబద్ధం అన్నాను. ఈ మొగ్గ దానిదే అని గలీబు విప్పి చూపించాను. అతను మొగ్గను చూసి, నన్ను చూసి, గంగులమ్మను చూశాడు.

"ఇదంతా నాకెందుకు సెప్తావు సార్? రేంజరుకి సెప్పుకో."

"రేపు చెబుతాను. ఈరోజు ఈమె లేకపోతే నాకు దారి తెలీదు."

గార్డు మీసం లాక్కుని, అటు తిరిగి బీడీ ముట్టించుకున్నాడు. మేము ఎక్కాము.

ఆడచెట్లు పదిహేడు. ఆమె ఒక్కొక్కదాని దగ్గర ఆగి, ఆకులు పక్కకు వంచి పట్టుకుంది. నేను మొగ్గ తట్టాను. పసుపు పొడి మెల్లగా దిగింది. గాలి మళ్ళినప్పుడు ఆమె ఆగు సార్ అనేది. మగ మొక్క ఉండిన చోట గుంత ఇంకా ఉంది. రెండు వానాకాలాలు పోయినా పూడలేదు.

దిగేటప్పుడు ముందు నడుస్తూ, తిరక్కుండానే అంది.

"ఆ పొద్దే ఈ మాట అనుంటే నా కొడవలి నాకాడ ఉండును సార్."

అవును అన్నాను.

"మీవోణ్ని మళ్ళా పెరికి ఈడికి తేవద్దు. సచ్చిపోతాడు. మొగ్గేసిన ఏడల్లా నువ్వే మోసుకోని రావల్ల."

వస్తానన్నాను. మోకాళ్ళు ఇప్పుడే నొప్పి పెడుతున్నాయి.

ఏప్రిల్ 28

కాగితం దొరస్వామి గారికి ఇచ్చాను. రెండుసార్లు చదివారు. కాఫీ తెప్పించలేదు.

"ఇన్ని నెల్లూ ఏం జేస్తా ఉంటిరి సార్?"

పైవాళ్ళకు పంపాలి, కాలేజీకి ఉత్తరం వస్తుంది, ఏమవుతుందో తన చేతిలో లేదన్నారు. ఆమె పేరు మళ్ళీ పట్టీలో ఎక్కించే సంగతి చూస్తానన్నారు. కొడవలి ఎక్కడుందో వెతికించి, చీటీ తెంపి నా ముందు పెట్టారు. తుప్పు పట్టింది.

రాత్రి దేవకికి అంతా చెప్పాను. ఉద్యోగం పోతే ఎట్లా అని అడుగుతుందనుకున్నాను. "కొడవలి ఇట్లనే ఇస్తావా? సాన పట్టించు" అంది.

మే 4, ఆదివారం

పేరీత పలక దించి, పాత అక్షరాల మీద నల్లరంగు పూసి మళ్ళీ రాశాను. పేరీత. మగది. గువ్వల వంకది. గంగులమ్మ పెరికింది, సుందరరాజు పెరికించాడు.

రాసేసరికి సరిగ్గా ఉందనిపించింది. ఉన్నది ఉన్నట్టు.

సాయంత్రం గంగులమ్మ వచ్చింది, దేవకి కబురు పెట్టిందట. కొడవలి ఇచ్చాను. సాన పట్టిన అంచు మీద బొటనవేలు ఆనించి చూసుకుని నడుముకు దోపుకుంది. తర్వాత పెరట్లోకి వచ్చి పేరీత ముందు నిలబడింది. పలక వైపు చూపించి, దీంట్లో ఏం రాసుండావు సార్ అని అడిగింది. చదివి వినిపించాను.

మరోసారి చదవమంది. చదివాను.

"నా పేరు తీసెయ్ సార్. నేను వద్దంటిని కదా."

నిజమే. రెండుసార్లూ వద్దంది. ఆమె ఎదురుగానే బ్రష్షు తెచ్చి ఆ రెండు మాటలూ కొట్టేశాను. ఇప్పుడు పలక మీద నా పేరు ఒక్కటే ఉంది. రంగు తడిగా ఉంది, రేపు పొద్దున రెండో పూత వేయాలి.